విదేశీయ ఇంజనీరింగు విద్య: విషయ పరీక్షలు

స్వదేశమున మాధ్యమిక విద్యను ముగించి, పరదేశ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు నభ్యసింపగోరు విద్యార్థికి గణిత, భౌతిక, రసాయన శాస్త్రములయందు గల పరిజ్ఞానమును, అతడు చదివిన పాఠశాలతోను, అతనికి యోగ్యతాపత్రమిచ్చిన బోర్డుతోను నిమిత్తము లేకుండ, ఒకే ప్రశ్నపత్రముతో, ఒకే కాలపరిమితిలో, ఒకే మూల్యాంకన పద్ధతితో కొలుచు పరీక్షలకు విషయ పరీక్షలని పేరు. పఠనశక్తిని, సామాన్య గణిత తర్కమును పరిశీలించు శాట్ వంటివియు, ఆంగ్లభాషా పరిచయమును మాత్రమే నిరూపించు టోఫెల్, ఐఇఎల్‌టిఎస్ వంటివియు వీనికంటె భిన్నములు. ఇంజనీరింగు తొలి సంవత్సరపు పాఠము నందుకొనుటకు వలసిన శాస్త్రపు పునాది ఈ విద్యార్థికి కలదా, లేదా యనునదే విషయ పరీక్ష విచారించు అంశము. ఆ విచారణ దేశమునకొక తీరున నున్నది. ఒకే దేశమున సైతము తరమునకొక తీరున మారినది.

ఆవశ్యకత

వేర్వేరు దేశములు మార్కుల నొసగు పద్ధతులకు పరస్పర సామ్యము లేదు. తెలుగునాట ఇంటర్మీడియెట్ ఎం.పి.సి. విద్యార్థి ప్రతిభను చిరకాలము 1000 మార్కులకు లెక్కించిరి. ఇంగ్లండున ఎ-లెవెల్ విద్యార్థికి అక్షరములతో శ్రేణి నిత్తురు. జర్మనీయందలి ఆబిటూరు పరీక్షలో 1.0 అత్యుత్తమమును, 4.0 ఉత్తీర్ణతకు కనీసమును గనుక అంకె తగ్గినకొలది ప్రతిభ హెచ్చినట్లు భావింపవలెను. ఈ మూడు పత్రములను ఒక బల్లపై నుంచుకొని వీరిలో నెవరు మిన్న యని తేల్చవలసిన ప్రవేశాధికారికి, ముగ్గురును సమానముగ వ్రాసిన పరీక్ష యొకటి యుండిన గాని నిర్ణయము సుకరము కాదు.

ఇంజనీరింగు విషయమున ఈ యావశ్యకత మరింత హెచ్చు. చరిత్రనో సాహిత్యమునో చదువ వచ్చినవానికి పూర్వజ్ఞానమున కొంత లోపమున్నను, చదువుచుండగా పూరించుకొనుటకు వ్యవధి యుండును. ఇంజనీరింగు శిక్షణయందన్ననో, తొలి వారములనుండియే అవకలన సమీకరణములును, దృఢవస్తువుల సమతాస్థితియు, విద్యుద్వలయములును ఒకదానిపై నొకటి పేర్చినట్లు వచ్చుచుండును గనుక, సమాకలనమున తడబడువాడు యాంత్రిక శాస్త్రమునను, యాంత్రిక శాస్త్రమున తడబడువాడు కట్టడముల సిద్ధాంతమునను క్రమముగ వెనుకబడును. కావుననే పెక్కు విశ్వవిద్యాలయములు గణితమును, దానితోడ భౌతిక రసాయన శాస్త్రములలో నొకదానిని పరీక్షించి గాని ప్రవేశమీయకుండెడివి.

చరిత్ర

అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దాంతము వరకు ఒక్కొక్క కళాశాల తన ప్రవేశ పరీక్షను తానే జరుపుకొనెడిది. పాఠశాలలు ఏ కళాశాల నుద్దేశించి బోధింపవలెనో తెలియక సతమతమగుచుండెను. ఈ చిక్కును తీర్చుటకై 1900లో కాలేజి ఎంట్రన్స్ ఎగ్జామినేషన్ బోర్డు ఏర్పడెను. 1901 జూను మాసమున అది జరిపిన ప్రథమ పరీక్షలను అమెరికాయందు 67 స్థలములలోను, ఐరోపాయందు రెండింటను కలిపి 973 మంది వ్రాసిరి. ఆంగ్లము, లాటిను, గ్రీకు, గణితము, భౌతికము, రసాయనము మున్నగు విషయములలో వ్యాసరూప సమాధానములు వ్రాయించి, న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున పండితులను సమావేశపరచి వానిని దిద్దించి, అత్యుత్తమము మొదలు అధమాధమము వరకు ఐదు శ్రేణులుగ విభజించిరి. నేటి విషయ పరీక్షలకు మూలపురుషుడు ఈ వ్యాసపరీక్షయే.

1926 జూను 23వ తేదీన అదే బోర్డు శాట్ పరీక్షను తొలిసారి జరిపెను. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన కార్ల్ బ్రిఘమ్ రూపొందించిన ఈ పరీక్ష నేర్చిన శాస్త్రమునుగాక సహజ ధీశక్తిని కొలుచునని నాటివారు నమ్మిరి. దానికి తోడుగ బహుళైచ్ఛిక ప్రశ్నలతో కూడిన అచీవ్‌మెంట్ టెస్టులు 1937లో వెలసినవి. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున, 1942లో, పూర్వపు వ్యాసపరీక్షలు నిలిచిపోయి, అచీవ్‌మెంట్ టెస్టులే వాని స్థానము నాక్రమించెను. 1947లో స్థాపితమైన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ ఈ పరీక్షల రచనా నిర్వహణ భారమును వహించినది. 1994లో వీనికి శాట్-2 విషయ పరీక్షలనియు, 2005లో శాట్ విషయ పరీక్షలనియు నామాంతరము కలిగెను.

తుది రూపమున ఈ పరీక్ష లొక్కొక్కటియు ఒక గంట వ్యవధి గలవి; ఫలితమును 200 మొదలు 800 వరకు గల మానమున ప్రకటించెడివారు. ఇంజనీరింగు నభిలషించువాడు రెండవ స్థాయి గణితమును, భౌతిక రసాయనములలో నొకదానినో రెండింటినో వ్రాసెడివాడు. గణితమున 50, భౌతికమున 75, రసాయనమున 85 ప్రశ్నలుండుటచే, ఒక ప్రశ్నకు లభించు కాలము గణితమున 72, భౌతికమున 48, రసాయనమున సుమారు 42 సెకండ్లు. గణితమున క్యాలిక్యులేటరు ననుమతించి, తక్కిన రెంటను నిషేధించిరి. రసాయన పత్రమున రెండు వాక్యములనిచ్చి, ఒక్కొక్కటి సత్యమో అసత్యమో తెలిపి, రెండవది మొదటిదానికి సరియైన హేతువగునో కాదో నిర్ణయింపుమను ప్రశ్నలుండెడివి; మన ప్రవేశ పరీక్షలలోని నిశ్చిత–కారణ ప్రశ్నలకు ఇవి దగ్గరి చుట్టములు.

మాసచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఒక గణిత పరీక్షను, ఒక విజ్ఞానశాస్త్ర పరీక్షను చిరకాలము విధిగా కోరుచుండెను. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ రెండవ స్థాయి గణితమునే నిర్దేశించెను. విచిత్రమేమనగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2001 ప్రాంతమున తన విద్యార్థుల ఫలితములను పరిశీలింపగా, ప్రథమ సంవత్సరపు ప్రతిభను సామాన్య శాట్ కంటె విషయ పరీక్షలే మేలుగ సూచించుచున్నట్లు తేలినది. ఐనను ఆ విశ్వవిద్యాలయమే 2012 ప్రవేశములనుండి విషయ పరీక్షల నిర్బంధమును తొలగించెను. 2020 మార్చిలో మాసచూసెట్స్ సంస్థయు వానిని పరిగణించుట మానినది. 2021 జనవరి 19న కాలేజి బోర్డు వీని రద్దును ప్రకటించి, అమెరికాలో తత్‌క్షణమే నిలిపివేసి, ఇతర దేశములవారికి ఆ యేటి మే, జూను మాసములలో తుది అవకాశమిచ్చినది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు విస్తరించినందున వీని అవసరము తీరినదనియు, విద్యార్థుల భారము తగ్గింపవలెననియు బోర్డు కారణములు చెప్పెను.

వర్తమాన పరీక్షలు

అమెరికా: విషయ పరీక్షలు వదలిన స్థానమును నేడు చాలవరకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు పూరించుచున్నవి. 1950 దశకమున నారంభమైన ఇవి ఏటేట మే మాసమున జరుగును; ఫలితము 1 మొదలు 5 వరకు గల అంకెలతో తెలుపబడును. ఇంజనీరింగు విద్యార్థికి ముఖ్యములు కలనగణితమున ఎ.బి., బి.సి. యను రెండు పత్రములును, భౌతికశాస్త్రము-సి యందు యాంత్రిక శాస్త్రము, విద్యుదయస్కాంతత్వము అను రెండు పత్రములును, రసాయన శాస్త్రమును. కలనగణితమున సగము ఫలితము బహుళైచ్ఛిక ప్రశ్నలపైనను, సగము సోపానములు చూపుచు వ్రాయవలసిన సమాధానములపైనను ఆధారపడును. ఈ పరీక్షలు ప్రవేశమునకు సర్వత్ర అనివార్యములు కావు. కాని దరఖాస్తుకు బలమిచ్చుటయే గాక, కొన్ని విశ్వవిద్యాలయములలో తొలి సంవత్సరపు పాఠ్యాంశమునుండి మినహాయింపు నొసగుచున్నవి.

బ్రిటను: ఇచట 1951లో ప్రారంభమైన ఎ-లెవెల్ పరీక్షలే విషయ పరీక్షలు. ఐనను కేంబ్రిడ్జి, లండను ఇంపీరియల్ కాలేజి మున్నగునవి అంతటితో తృప్తినొందక, 2024 నుండి ఇంజనీరింగ్ అండ్ సైన్స్ అడ్మిషన్స్ టెస్ట్ అను ప్రవేశ పరీక్షను ఉమ్మడిగ నడుపుచున్నవి. ఇందు ప్రథమ గణితము అందరికిని విధి. ద్వితీయ గణితము, భౌతికము, రసాయనము, జీవశాస్త్రము అను భాగములనుండి కోర్సు ననుసరించి ఎన్నుకొనవలెను. కేంబ్రిడ్జియందు ఇంజనీరింగు కోరువారికి రెండు గణితములును, భౌతికమును నిర్దిష్టములు. ఒక్కొక్క భాగమున 40 నిమిషములలో 27 ప్రశ్నలకు సమాధానమీయవలెను, క్యాలిక్యులేటరు నిషిద్ధము, తప్పునకు మార్కుల కోత లేదు.

జపాను: విదేశీయ విద్యార్థులకొరకు 2002 నుండి జరుగుచున్న ఇ.జె.యు. పరీక్ష ఏటికి రెండుమారులు, జూను నవంబరు మాసములలో, జపానుతోపాటు పెక్కు ఆసియా నగరములలో నిర్వహింపబడుచున్నది. భారతదేశమున న్యూఢిల్లీ కేంద్రము కలదు. ఇంజనీరింగు విద్యార్థి గణితమున రెండవ కోర్సును, భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో రెంటిని వ్రాయవలెను. గణితమునకు 200, విజ్ఞానశాస్త్రమునకు 200 మార్కులు. ఒక్కొక్కదానికి 80 నిమిషములు. ఈ రెంటిని ఆంగ్లముననో జపానీ భాషలోనో వ్రాయవచ్చును. గణితమున నాలుగు సమాధానములనిచ్చి ఎన్నుకొనుమనుట యుండదు. ఖాళీ గళ్లలో అంకెలనే నింపవలెను. భిన్నమును కనిష్ఠరూపమునకు కుదింపకున్నను, కరణి లోపలి సంఖ్యను తగ్గింపకున్నను గళ్లు సరిపడవు.

జర్మనీ: ఇచటి వ్యవస్థ పరీక్షకంటె అర్హతా పరిశీలనపై నెక్కువ ఆధారపడినది. ఇంటర్మీడియెట్ మాత్రమే చదివిన భారతీయునకు సాధారణముగ నేరుగ ప్రవేశము దొరకదు. స్వదేశమున ఒక సంవత్సరము కళాశాల విద్యనైనను పూర్తిచేయవలెను; కానిచో ష్టూడియెన్‌కొల్లెగ్ అను సన్నాహక విద్యాలయమున సాంకేతిక విభాగమైన టి-కోర్సు చదివి, దాని తుది పరీక్ష నెగ్గవలెను. మన ఐ.ఐ.టి.ల ప్రవేశ పరీక్షయైన జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో ఉత్తీర్ణుడైనవానికి సాంకేతిక విషయములలో ఈ నిబంధననుండి సడలింపు కలదు. విదేశీయులకొరకు రచింపబడిన టెస్ట్-ఎ.ఎస్. పరీక్షను కొన్ని విశ్వవిద్యాలయములు కోరును. అందలి ఇంజనీరింగు భాగము సూత్రములను వల్లించుటనుగాక, ఘనాకృతులను వేర్వేరు దిశలనుండి ఊహించుటను, సాంకేతిక సంబంధములను గణితరూపమున నిబంధించుటను పరీక్షించును. 2022 నవంబరు నుండి భారతీయ విద్యార్థులు తమ విద్యార్హతా పత్రములు యథార్థములని నిర్ధారించు ఎ.పి.ఎస్. ధ్రువపత్రమును సైతము పొందవలసియున్నది.

ఇటలీ: ఇంజనీరింగు ప్రవేశమునకు టోల్క్-ఐ అను పరీక్ష ప్రసిద్ధము. గణితమున 20, తర్కము, విజ్ఞానశాస్త్రము, పఠనావబోధము అను వానిలో పదేసి ప్రశ్నలుండును. తప్పు సమాధానమునకు పావు మార్కు తగ్గును.

స్నాతకోత్తర స్థాయి: జి.ఆర్.ఇ. 1930 దశకమున అమెరికాలో పుట్టినది. దాని సామాన్య పరీక్షకు తోడుగ విషయ పరీక్షలుండెను. కాని ఇంజనీరింగు పత్రమును 2001లోను, కంప్యూటరు శాస్త్రపు పత్రమును 2013లోను విరమించిరి. గణితము, భౌతికము, మనస్తత్వ శాస్త్రము నేటికిని నిలిచియున్నవి. భారతీయులకు సంబంధించిన విశేష మేమనగా, మన గేట్ పరీక్షా ఫలితమును జర్మనీ, సింగపూరులందలి కొన్ని విశ్వవిద్యాలయములు అంగీకరించుచున్నవి.

సిద్ధపడు విధానము

సన్నాహమునకు ప్రథమ సోపానము అభ్యాస గ్రంథములను కొనుట కాదు. తాను చదువుచున్న పాఠ్యప్రణాళికను, పరీక్ష కోరు ప్రణాళికను ఎదురెదురుగ నుంచి, ఏది సమానము, ఏది అధికము, ఏది లోపము అని అంశమువారీగ గుర్తించుట. తెలుగు రాష్ట్రముల ఇంటర్మీడియెట్ గణితము ఒకటి-ఎ, ఒకటి-బి, రెండు-ఎ, రెండు-బి యని నాలుగు పత్రములుగ చిరకాలము సాగినది. డిమావర్ సిద్ధాంతము, సమీకరణ వాదము, శాంకవములు, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణములు అందు పుష్కలముగ నున్నవి. వీనిని శ్రద్ధగ చదివినవానికి బ్రిటను పరీక్షలోని ద్వితీయ గణితము కొత్త కాదు. కాని అమెరికా కలనగణితము బి.సి. పత్రమున అనంతశ్రేఢుల అభిసరణ పరీక్షలును, టేలరు శ్రేఢియు ప్రధానములు. ఇవి మన ప్రణాళికలో కానరావు. అట్లే బ్రిటను ప్రథమ గణితమున నిష్పత్తులు, రేఖాగణితము, క్షేత్రమితి, దత్తాంశముల పఠనము వచ్చును. తొమ్మిది, పది తరగతులలో చదివి మరచిన పాఠములివి. ఇంటర్మీడియెట్‌లో సమాకలనులను సునాయాసముగ సాధించు విద్యార్థి ఇచట జారిపోవుటకు ఈ మరపే హేతువు.

రెండవ సోపానము పరీక్ష యొక్క ప్రశ్నారూపమునకు చేతిని అలవరచుట. మన విద్యార్థులు బిట్లు అని వ్యవహరించు బహుళైచ్ఛిక ప్రశ్నలయందు వారికి గల వేగము అసామాన్యము. పూర్వము ఎంసెట్ అనబడి నేడు ఎప్‌సెట్, ఇఎపిసెట్ పేరులతో జరుగు ప్రవేశ పరీక్షలో 180 నిమిషములలో 160 ప్రశ్నలు, అనగా ప్రశ్నకు 68 సెకండ్లకు లోపు. బ్రిటను పరీక్షలో ప్రశ్నకు సుమారు 89 సెకండ్లు లభించును గనుక వేగము మనవారికి కొరత కాదు. కొరత యేమనగా, ప్రశ్నను చూచినంతనే తెలిసిన నమూనాను స్మరించి సూత్రమును ప్రయోగించు అలవాటు. నమూనాలో లేని ప్రశ్నను బొమ్మ గీచి, పరిమాణములను సరిచూచి, అవధులను పరీక్షించి, మూలసూత్రమునుండి సాధించు అభ్యాసము వేరు; దానికి రోజుకు పది ప్రశ్నలను నిదానముగ చేయుట, వంద ప్రశ్నలను వడిగ చేయుటకంటె మేలు.

వ్రాతపూర్వక సమాధానములు గల పరీక్షలకు వేరొక శిక్షణ వలయును. అమెరికా భౌతికశాస్త్రము-సి పత్రమున సమాధానము సరియైనదగుట చాలదు. ఏ నియమము నాశ్రయించితివి, ఏ సీమలమధ్య సమాకలనము చేసితివి, ఫలితము భౌతికముగ సంగతమా అని వాక్యములతో చూపవలెను. ఇంటర్మీడియెట్ పబ్లిక్ పరీక్షలలో దీర్ఘ సమాధాన ప్రశ్నలకు మనవారు వ్రాయు నిరూపణలు ఇచట ఉపకరించును. కాని కంఠస్థమైన నిరూపణ ఒక్క షరతు మారినంతనే అక్కరకు రాదు. క్యాలిక్యులేటరు విషయమునను వైరుధ్యమున్నది. అమెరికా కలనగణితమున కొన్ని భాగములకు రేఖాచిత్రములు గీయు క్యాలిక్యులేటరు అవసరము. మన ప్రవేశ పరీక్షలలో అది నిషిద్ధమగుటచే, పరీక్షకు ముందు దాని వాడుక నభ్యసింపని తెలుగు విద్యార్థి కాలమును వ్యర్థపరచుకొనును.

మూడవది ఊహపై సమాధానమిచ్చు నీతి. ఐదు సమాధానములలో ఒకటి సరియై, తప్పునకు పావు మార్కు తగ్గు పూర్వపు శాట్ విషయ పరీక్షలో, ఏమియు తెలియక గుర్తించువానికి సగటున దక్కునది ఐదవ వంతు, పోవునది ఐదింట నాలుగు వంతులలో నాలుగవ వంతు, అనగా లాభనష్టములు సున్న. ఒక్క సమాధానమును తప్పని కొట్టివేయగలిగినంతనే లెక్క లాభమువైపు మొగ్గును. బ్రిటను పరీక్షలోను, ఎప్‌సెట్‌లోను కోత లేదు గనుక ఖాళీ విడుచుట యెన్నడును తగదు. జె.ఇ.ఇ. మెయిన్‌లో సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. ఒకే నెలలో భిన్న పరీక్షలను వ్రాయు విద్యార్థి ఈ నియమములను కలగలుపుట సామాన్య ప్రమాదము.

నాలుగవది కాలక్రమము. అమెరికా విశ్వవిద్యాలయములకు దరఖాస్తు చివరి విద్యాసంవత్సరపు నవంబరు, జనవరి నడుమ పంపవలెను. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు మే మాసముననే జరుగును. కావున ఫలితము దరఖాస్తుతో చేరవలెనన్నచో ఇంటర్మీడియెట్ ప్రథమ సంవత్సరాంతముననే పరీక్ష ముగింపవలెను. దానికి పేరు నమోదు అంతకు పూర్వపు శరత్కాలమున జరుగును. కేంబ్రిడ్జి దరఖాస్తునకు అక్టోబరు 15 గడువు. ప్రవేశ పరీక్షయు అదే మాసమున. ద్వితీయ సంవత్సరపు పాఠములు సగము కాకముందే వచ్చు ఈ పరీక్షకు, భౌతికశాస్త్రపు శేషభాగమును వేసవిలో స్వయముగ చదువుకొనవలెను. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, వేసవిలో ఎప్‌సెట్, జె.ఇ.ఇ. గల మన విద్యార్థికి విదేశీయ పరీక్షల తేదీలు వీనితో ముడిపడును గనుక, రెండేండ్ల పట్టికను పదవ తరగతి ముగిసిన వేసవిలోనే వేసికొనుట క్షేమము.

గుణదోషములు

విషయ పరీక్షలకు ప్రధాన గుణము నిష్పాక్షికత. ధనికుల పాఠశాల యైనను, పల్లెటూరి కళాశాల యైనను, అడుగు ప్రశ్న ఒక్కటే. ప్రధాన దోషమును ఇందుననే దాగియున్నది: ప్రశ్న ఒక్కటైనను సన్నాహమునకు గల సాధనములు ఒక్కటి కావు. పరీక్షా రుసుము విదేశీయ ద్రవ్యమున చెల్లింపవలెను. కేంద్రములు మహానగరములలో నుండును. జపాను పరీక్ష వ్రాయగోరు తెలుగు విద్యార్థి ఢిల్లీకి ప్రయాణింపవలెను. శాట్ రెండవ స్థాయి గణితమున పూర్ణాంకమైన 800 పొందినవారు వ్రాసినవారిలో ఇంచుమించు ఐదవ వంతు ఉండుటచే, తుది దశలో ఆ పరీక్ష అగ్రశ్రేణి విద్యార్థుల తారతమ్యమును చూపజాలకపోయెనను విమర్శయు కలదు.

అన్నింటికంటె పెద్ద దోషము అస్థిరత్వము. 2021 జనవరిలో శాట్ విషయ పరీక్షలు రద్దైన దినమున, వానికై సిద్ధపడుచున్న విద్యార్థుల చేతిలోని అభ్యాస గ్రంథములు పాతబడెను. కాని వాని పుటలలోని కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వము, గాసు నియమము, సమతాస్థిరాంకము పాతబడలేదు. అవే అమెరికాయందు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పత్రములలోను, జపానులో ఇ.జె.యు. గళ్లలోను మరల ఎదురగుచున్నవి. కావున ఏ పరీక్షను వ్రాయవలెనో ఆ యేటి విశ్వవిద్యాలయ ప్రకటనను చూచి నిర్ణయించుకొని, ఏ శాస్త్రమును చదువవలెనో మాత్రము ఆ ప్రకటనకై వేచియుండక ముందే నిర్ణయించుకొనుట ఈ మార్గమున నడచువారికి అనుభవసిద్ధమైన పద్ధతి.